థాంప్సన్ సెంటర్ ఒమేగా .50: తయారీ ఆగిపోయిన మజిల్‌లోడర్‌ని ఇప్పుడు కొనొచ్చా?

ఒమేగా మూతి నుంచి మందు, గుండు దట్టించే మజిల్‌లోడర్ తుపాకీ. సెకండ్‌హ్యాండ్‌ది కొనేటప్పుడు ధర తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు బ్యారెల్ వెనక చివరని మూసే బ్రీచ్ ప్లగ్ విప్పి చూపించమనండి. ప్లగ్ మామూలు బలంతో ఊడి వచ్చి, దాని ముందున్న బ్యారెల్ శుభ్రంగా ఉంటే ఇది ఈరోజుకీ నమ్మకమైన తుపాకీ. "ఎప్పుడూ విప్పలేదండీ, అవసరం రాలేదు" అన్నాడంటే సగం ధరకిచ్చినా వద్దు. ఒమేగా వాడేవాళ్ల మెచ్చుకోళ్లు, తిట్లు చాలావరకు ఈ ఒక్క భాగం చుట్టూనే తిరుగుతాయి.

కంపెనీ సంగతి క్లుప్తంగా. థాంప్సన్ సెంటర్ న్యూ హాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో నడిచింది. 2007లో స్మిత్ అండ్ వెసన్ కొనుక్కుని, తర్వాత తయారీని మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్చింది. 2021లో ఈ బ్రాండ్‌ని వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. 2024లో కంపెనీ మాజీ అధిపతి గ్రెగ్ రిట్జ్ దాన్ని తీసుకున్నారు. ఒమేగా మాత్రం ఈ అమ్మకాల గొడవకి ముందే కేటలాగ్ నుంచి తప్పుకుంది. కాబట్టి బ్రాండ్ తిరిగొచ్చింది కదా, విడిభాగాలు వస్తాయిలే అన్న ధైర్యంతో కొనకండి. చేతికొచ్చిన భాగాలే మీ భాగాలు అనుకుని లెక్క వేసుకోండి.

ఇందులో ట్రిగ్గర్ గార్డే లీవర్. దాన్ని తెరిస్తే బ్రీచ్ బ్లాక్ కిందికి తిరుగుతుంది, ప్లగ్ వెనక భాగం ఎదురుగా కనిపిస్తుంది. మందుకి నిప్పు అంటించే, షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ అందులో పెట్టి గార్డ్ మూసేస్తే, బ్లాక్ ప్రైమర్ వెనక గోడలా నిలుస్తుంది. వాన చినుకు లోపలికి పోయే దారి దాదాపు ఉండదు. 28 అంగుళాల బ్యారెల్, 28 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు), బయటికి కనిపించే హ్యామర్. నాటు తుపాకీ చూసినవాళ్లకి సూత్రం కొత్తేమీ కాదు, మూతి నుంచే మందు, మూతి నుంచే గుండు. నిప్పు అంటించే పద్ధతే మారింది.

కొనే ముందు చూడాల్సినవి

ప్లగ్ విప్పించే కంటే కూడా ముందు, లోపల మందు ఉందా అని చూడాలి. ఏళ్ల తరబడి దట్టించి వదిలేసిన మజిల్‌లోడర్లు అమ్మకానికి రావడం వింత కాదు, చూస్తే తెలియదు కూడా. ప్రైమర్ లేదని తేల్చుకున్నాక, మూతిని మనుషులు లేని వైపు ఉంచి, మందు దట్టించే ర్యామ్‌రాడ్‌ని నెమ్మదిగా లోపలికి దింపండి. మూతి దగ్గర రాడ్ మీద బొటనవేలితో గుర్తు పట్టుకుని బయటికి తీయండి. ఆ గుర్తు మూతి అంచుకి వచ్చేలా రాడ్‌ని బ్యారెల్ పక్కనే ఆనించండి. రాడ్ కొన ప్లగ్ ముందు భాగం దాకా వస్తే ఖాళీ. రెండు మూడు అంగుళాల ముందే ఆగిందంటే లోపల మందో బుల్లెట్టో ఉన్నట్టే, అక్కడితో పరీక్ష ఆపి నిపుణుడికి అప్పగించండి.

తర్వాత ప్లగ్. ఒమేగాది సన్న మరల ప్లగ్, రెంచ్ కావాలి. అదే కంపెనీ ట్రయంఫ్‌లో పావు చుట్టు తిప్పితే చేతికొచ్చే స్పీడ్ బ్రీచ్ ఉంటుంది, అది దీనికి పట్టదు. పెట్టె మీద "ఒమేగా" అని స్పష్టంగా లేని స్పేర్ ప్లగ్ ఫొటో చూసి కొంటే డబ్బు దండగ. బిగుసుకున్న ప్లగ్‌ని పైపు తగిలించి బలంగా తిప్పితే రెంచ్ గాట్లు చెడతాయి, ఆపై ఏ రెంచీ పట్టదు. చొచ్చుకుపోయే నూనె వేసి కొన్ని రోజులు నానబెట్టాలి. అదీ పని చేయకపోతే తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికే.

ప్లగ్ ఊడాక మధ్యలోని సన్నని రంధ్రం చూడండి. ఈ రకం ప్లగ్‌లలో కొత్తప్పుడు ఇది సుమారు 0.03 అంగుళం ఉంటుంది. కొలవడానికి నంబర్ డ్రిల్ బిట్లు చాలు: 70 నంబరు బిట్ 0.028 అంగుళం, 65 నంబరు 0.035. 65 నంబరు బిట్ సులువుగా దూరిపోతే ప్లగ్ ఆయుష్షు అయిపోవచ్చిందని అర్థం. రంధ్రం పెద్దదైతే గ్యాస్ వెనక్కి ఎక్కువగా కొడుతుంది, ప్రైమర్లు ఉబ్బి ఇరుక్కుంటాయి, వేగం నిలకడ తప్పి గుండ్లు చెదురుతాయి.

బ్యారెల్ లోపల తుప్పు గుంటలు ఎక్కువగా మందు కూర్చునే చోటే, అంటే ప్లగ్‌కి ముందున్న మూడు నాలుగు అంగుళాల్లో వస్తాయి. మూతి నుంచి టార్చి వేస్తే కనిపించవు. ప్లగ్ తీసి వెనక నుంచి చూడాలి, ఫోన్‌కి తగిలించే చిన్న ఎండోస్కోప్ కెమెరా ఉంటే ఇంకా మేలు. అది లేకపోతే బిగుతైన పొడి ప్యాచ్‌ని (గుడ్డముక్కని) రాడ్‌తో మెల్లగా నడపండి. ఒకచోట గరగరమని పట్టి, ఆ తర్వాత జారిపోతే అక్కడ గుంటలున్నాయి. లేత గుంటలతో కూడా గురి బాగానే ఉండొచ్చు, కానీ శుభ్రం చేసే శ్రమ రెట్టింపవుతుంది. ధర తగ్గించమని అడగడానికి అది న్యాయమైన కారణమే.

ఇక మూతి. థాంప్సన్ సెంటర్ "క్యూఎల్ఏ" అనే పేరుతో మూతి దగ్గర కొంత మేర రైఫ్లింగ్ తీసేసి, కాస్త వెడల్పు చేసింది. బుల్లెట్ వేలితో నిటారుగా కూర్చుంటుంది, దట్టించడం సులువు. చిక్కేమిటంటే కొన్ని తుపాకుల్లో ఆ వెడల్పు భాగం బ్యారెల్ మధ్యరేఖకి సరిగ్గా కుదరలేదు. బుల్లెట్ బయటికొచ్చే చివరి క్షణంలో పక్కకి నెట్టు తగులుతుంది. మూతిలోకి వెలుతురు వేసి చూడండి, రైఫ్లింగ్ మొదలయ్యే వలయం చుట్టూ ఒకే మందంతో ఉండాలి. ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా కనిపిస్తే ఏ మందు, ఏ బుల్లెట్ మార్చినా గుండ్లు పడే గుంపు దగ్గరపడదు. గన్‌స్మిత్ ఆ భాగాన్ని కోసి కొత్త క్రౌన్ (మూతి అంచు) పెడితే సమస్య తీరుతుంది. ఖర్చు మాత్రం మీదే. అన్ని ఒమేగాలూ ఇలాగే ఉంటాయన్న ప్రచారం నిజం కాదు. సరిగ్గా కుదిరినవి ప్లాస్టిక్ తొడుగులో ఉండే సాబో బుల్లెట్లతో 100 గజాల్లో రెండు అంగుళాల లోపు గుంపు ఇవ్వడం మామూలే.

మందు, బుల్లెట్, ప్రైమర్

మాన్యువల్ పైరోడెక్స్ అనే మందుతో చేసిన 50 గ్రెయిన్ల పెల్లెట్లు (బిళ్లలు) మూడింటి దాకా, అంటే 150 గ్రెయిన్ల దాకా అనుమతిస్తుంది (గ్రెయిన్ అంటే మందుకి, బుల్లెట్‌కి వాడే చిన్న కొలమానం). అనుమతి ఉందని వాడక్కర్లేదు. మూడో పెల్లెట్‌తో భుజానికి దెబ్బ, బ్యారెల్‌లో మసి పెరిగినంతగా వేగం పెరగదు. రెండు పెల్లెట్లు, 250 గ్రెయిన్ల సాబో బుల్లెట్ జింకకి ధారాళంగా చాలు. పైరోడెక్స్ పెల్లెట్‌కి ఒక చివర నల్లటి పూత ఉంటుంది, అది ప్రైమర్ వైపు ఉండాలి. తలకిందులైతే నిప్పు ఆలస్యంగా అంటుకుంటుంది.

ట్రిపుల్ సెవెన్ అనే మందుతో లెక్క మారుతుంది. అదే కొలతకి పాతకాలపు బ్లాక్ పౌడర్ కంటే సుమారు 15 శాతం బలం ఎక్కువ, తయారీదారు హద్దు రెండు పెల్లెట్లే. దాని అసలు జబ్బు వేరే ఉంది. కాల్చాక బుల్లెట్ కూర్చున్న చోటికి దగ్గర్లో గట్టి మసి ఉంగరం ఏర్పడుతుంది. రెండో బుల్లెట్ దాని దగ్గరే ఆగిపోతుంది, దిగిందనుకుని కాలిస్తే మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ మిగులుతుంది. బ్యారెల్ ఉబ్బడానికి అది చాలు. అందుకే మీరు వాడే మందు, బుల్లెట్ పూర్తిగా దిగినప్పుడు ర్యామ్‌రాడ్ మీద మూతి దగ్గర గీత పెట్టుకోండి. ప్రతిసారీ గీత అక్కడికి రావాలి. రాకపోతే కాల్చకూడదు. ప్రతి గుండుకీ మధ్య తడి ప్యాచ్ ఒకటి, పొడిది ఒకటి నడిపితే ఉంగరం కట్టదు. మజిల్‌లోడర్ కోసమే చేసిన తక్కువ వేడి 209 ప్రైమర్లు కూడా దీన్ని బాగా తగ్గిస్తాయి.

బ్లాక్‌హార్న్ 209 అనే మందుకి అదే సలహా తిరగబడుతుంది. దీనికి వేడి ఎక్కువున్న ప్రైమరే కావాలి, ఫెడరల్ 209ఎ గానీ సీసీఐ 209ఎం గానీ. తక్కువ వేడివి పెడితే క్లిక్ తర్వాత ఒక క్షణం ఆగి పేలుతుంది. కొలత పాత్రతోనే వేయండి. తూచాలంటే పాత్రలో 100 గ్రెయిన్ల కొలత తూకంలో 70 గ్రెయిన్ల బరువుకి సమానం, తయారీదారు హద్దు 120 కొలత, అంటే 84 బరువు. కొలతనీ బరువునీ కలగలిపితే ప్రమాదం. ప్లగ్ లోపలి దారిలో గట్టి కర్బనం పేరుకుంటుంది, ద్రావకంతో పోదు. 1/8 అంగుళం డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి గీకాలి, మెషీన్‌కి తగిలించొద్దు, చివరి సన్నని రంధ్రానికి తాకనివ్వొద్దు.

మామూలు తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ మందు ఇందులో ఎంత తక్కువైనా వేయకూడదు. సావేజ్ 10ఎంఎల్-2 దానికోసమే తయారైన తుపాకీ, ఒమేగా కాదు. రెండూ .50, రెండూ 209 ప్రైమర్ కదా అని పోల్చుకునేవాళ్లు తగులుతుంటారు. వాళ్ల తుపాకీ పక్కన నిలబడకండి.

బుల్లెట్లలో ఈ రైఫ్లింగ్‌కి 240 నుంచి 300 గ్రెయిన్ల సాబో బుల్లెట్లు బాగా నప్పుతాయి. కంపెనీ సొంత షాక్‌వేవ్, హార్నడీ ఎస్ఎస్‌టీ, బార్న్స్ టీ-ఈజెడ్ ఎక్కువమంది వాడేవి. సాబో రాడ్ మీద ఒకే ఒత్తిడితో నెమ్మదిగా దిగాలి. బలమంతా పెడితే గానీ కదలకపోతే కాస్త సన్నని సాబోకి మారండి, దానంతటదే జారిపోతే మందంది తీసుకోండి. బ్యారెల్ వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడి ఒక గుండు ఎటో పోతుంది. దాన్ని చూసి స్కోప్ తిప్పకండి, బ్యారెల్‌ని చల్లారనివ్వండి.

స్కోప్ పెడితే హ్యామర్‌కి వేలు అందదు, పక్కకి పొడుచుకొచ్చే స్పర్ తగిలించాలి. దాని చిన్న స్క్రూ వదులవుతూనే ఉంటుంది. కాలిన ప్రైమర్ గోటితో రావాలి, చలిలో గ్లవ్స్‌తో రాదు. మెడలో వేలాడే చిన్న ప్రైమర్ పుల్లర్ ఒకటి కొనుక్కోండి. బ్లాక్ మీద ప్రతిసారీ నల్లటి మసి కొడుతుంటే ముందు ప్రైమర్ బ్రాండ్ మార్చి చూడండి. వాటి పొడవులో స్వల్ప తేడాలుంటాయి, కొన్ని బ్లాక్‌కి ఆనుకోవు.

శుభ్రం చేయడం

పైరోడెక్స్‌లో పొటాషియం పెర్‌క్లోరేట్ ఉంటుంది. కాలాక మిగిలే క్లోరైడ్ లవణం గాలిలో తేమ పీల్చుకుని ఉక్కుని తినేస్తుంది. వేట ముగిసిన రోజే కడగాలి, రేపు చూద్దామంటే రేపటికి తుప్పే. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ రెండిటి మసికీ నీళ్లే విరుగుడు: ప్లగ్ తీసి తడి ప్యాచ్‌లు నల్లదనం పోయేదాకా, తర్వాత పొడివి, ఆపై పల్చటి నూనె. బ్లాక్‌హార్న్‌కి నీళ్లు పనికిరావు, హాప్స్ 9 లాంటి బోర్ ద్రావకం వాడాలి. ప్లగ్ మరలకి ప్రతిసారీ బిగుసుకోకుండా ఆపే యాంటీ-సీజ్ గ్రీజు పూయండి. ముందు చెప్పిన బిగుసుకున్న ప్లగ్‌లన్నీ ఈ పని ఎగ్గొట్టినవాళ్ల చేతుల్లోంచి వచ్చినవే.

మళ్లీ దట్టించే ముందు నూనె పూర్తిగా తుడిచి, మందు లేకుండా ఒకటి రెండు ప్రైమర్లు పేల్చాలి. బ్యారెల్ అడుగున ప్యాచ్ ఆనించి పేలిస్తే ప్యాచ్ మధ్యలో నల్లగా కాలాలి. కాలిందంటే దారి తెరుచుకుంది. రంధ్రంలో నూనె మిగిలితే తెల్లవారుజామున జింక ఎదురుగా నిలబడినప్పుడు ప్రైమర్ మాత్రమే టప్‌మంటుంది.

చట్టం, సీజన్ నిబంధనలు

అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో ఒమేగా లాంటివి "యాంటిక్" కోవలోకి వస్తాయి, మామూలు తుపాకీలా డీలర్ దగ్గర ఫారం నింపక్కర్లేదు. అదే కంపెనీ ఎంకోర్‌కి ఈ వెసులుబాటు లేదు, దాని ఫ్రేమ్‌కి మామూలు తూటాల బ్యారెల్ కూడా పడుతుంది కనుక. న్యూజెర్సీ, ఇల్లినాయి వంటి రాష్ట్రాలు మాత్రం మజిల్‌లోడర్‌నీ తుపాకీగానే చూస్తాయి. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు తుపాకీ, మందు రెండిటి గురించీ లాయర్‌ని అడిగాకే చేతిలోకి తీసుకోవాలి. గ్రీన్‌కార్డ్ ఉన్న స్నేహితుడి మాట ఇక్కడ చెల్లదు.

మీ రాష్ట్రం మజిల్‌లోడర్ వేట సీజన్ నిబంధన ఈ మోడల్‌కి సరిపోతుందో లేదో కొనకముందే చూడండి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్, సాబో, పెల్లెట్లు మూడూ నిషేధం, విడి మందే వాడాలి. ఐడహో మజిల్‌లోడర్ సీజన్‌లో 209 ప్రైమర్ కుదరదు, నిప్పు అంటుకునే చోటు బయటికి తెరిచి ఉండాలి. ఒమేగా గొప్పదనమే అక్కడ అనర్హత. పెన్సిల్వేనియా క్రిస్మస్ తర్వాతి సీజన్ చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్‌లది.

ధర విషయంలో నా కొలబద్ద సీవీఏ కంపెనీ మజిల్‌లోడర్ ఆప్టిమా, కొత్తది. స్పెయిన్‌లో చేసిన బ్యారెల్, చేత్తో ఊడే ప్లగ్, దుకాణంలో దొరికే విడిభాగాలు. ఒమేగా ధరకి స్పేర్ ప్లగ్, రెంచ్ ఖర్చు కలిపితే ఆప్టిమా కంటే ఎక్కువైతే ఆప్టిమానే కొనండి. తక్కువైతే స్టెయిన్‌లెస్ బ్యారెల్ ఒమేగాకే నా ఓటు. అదే పరిస్థితిలో ఉన్న నల్లటి బ్లూడ్ (మామూలు ఉక్కు) బ్యారెల్‌కి అంత పెట్టను. ప్రకటన చూసి ఫోన్ చేసినప్పుడు స్టాక్ మీద గీతల గురించి కాకుండా ప్లగ్ రెంచ్ ఉందా, అసలు ర్యామ్‌రాడ్ ఉందా, హ్యామర్ స్పర్ ఉందా, చివరిసారి ఏ మందు వాడారు, ప్లగ్ విప్పి ఫొటో పంపగలరా అని అడగండి. ఫొటో వెంటనే పంపినవాడి దగ్గరికి బండి తీయొచ్చు.