ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నరా? జర ఈ స్కానర్ మాయ చూసుకోండి

హన్మకొండ, కాజీపేట దిక్కు పాత ఆటోమేటిక్ కారు కోసం తిరుగుతున్నవాళ్లు పైసలు కట్టే ముందు ఇది చదవండి. డీలర్ పేరు రాస్తలేను. బండిల ఏం తేడా ఉన్నదో చెప్పే నంబర్లను కోడ్లు అంటరు, వాటిని చదివే, చెరిపే పరికరమే స్కానర్. ఆయన కోడ్లు చెరిపి, లైటు ఆర్పి బండి అమ్మిండు. ఈ పని తెలిస్తే ఎవరి దగ్గరైనా పట్టుకోవచ్చు.

మా బావమరిది మొన్న ఎండాకాలంల తీసుకున్నడు. చూసిననాడు మీటర్ల ఒక్క వార్నింగ్ లైటు లేదు. టెస్ట్ డ్రైవ్ అంటే హంటర్ రోడ్డు మీద ఒక రౌండు, అంతే. ఇంటికి తెచ్చుకున్న కొన్ని రోజులకే జనగామ పోతుంటే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, బండి మూడో గేర్లనే ఇరుక్కుంది. ఎంత తొక్కినా ఇంజిన్ అరుపే గానీ స్పీడ్ లేదు. డీలర్‌కు ఫోన్ చేస్తే తన మెకానిక్‌నే పంపిండు. ఆయన చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి, పి0700 చూసి, "గేర్‌బాక్స్ ఖతం అన్నా, లక్షకు తక్కువ కాదు" అన్నడు.

పి0700 ఏ పార్టు పోయిందో చెప్పే కోడే కాదు. గేర్‌బాక్స్ కంప్యూటర్ల ఏదో కోడ్ పడ్డది, లైటు వెలిగించు అని ఇంజిన్ కంప్యూటర్‌కు పంపే కబురు. అసలు కోడ్ చూడాలంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను, అంటే టీసీఎంను చదివే స్కానర్ కావాలె. ఆటోనగర్ల వేరే మెకానిక్ దగ్గర అది పెట్టిస్తే పి0717 వచ్చింది: ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, అంటే గేర్‌బాక్స్ లోపలికొచ్చే షాఫ్ట్ ఎంత వేగంగ తిరుగుతుందో కొలిచేది, దాని నుంచి సిగ్నల్ వస్తలేదు. సెన్సరే పోవచ్చు, వైరు తెగొచ్చు, ప్లగ్గు పాడవ్వొచ్చు. ప్లగ్గు ఊడదీస్తే పిన్నులకు పచ్చగ చిలుము! ఎప్పుడో నీళ్లల్ల నిలబడ్డ బండి అని నా అనుమానం. 2023 జూలై వానలకు నయీంనగర్ దిక్కు ఎట్లుండెనో మనకు తెల్వదా? పిన్నులు సాఫ్ చేసినంక స్కానర్‌ల సెన్సర్ రీడింగు మళ్లీ వచ్చింది, గేర్లు పడ్డయి. గేర్‌బాక్స్ ఇప్పనే లేదు.

పి0722 అంటే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సిగ్నల్ లేనట్టు, పి0705 గేర్ లివర్ పొజిషన్ చెప్పే సెన్సర్‌ది, పి0710 ఆయిల్ టెంపరేచర్ సెన్సర్‌ది. ఇవి వస్తే ముందు వైరింగ్, ప్లగ్గులు, బ్యాటరీ వోల్టేజ్ చూపియ్యండి. పి0730 వస్తే మాత్రం కొంచెం భయపడాల్సిందే. గేర్ రేషియో కుదురుతలేదని, అంటే పడ్డ గేరుకు తగ్గట్టు లోపలికొచ్చే, బయటికిపోయే వేగాలు సరిపోతలేవని దాని అర్థం. ఆయిల్ తగ్గి ఉండొచ్చు, లోపల క్లచ్ జారుతుండొచ్చు.

డీలర్ దొరికిపోయింది ఇంకో దగ్గర. కోడ్లు చెరిపినంక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లల్ల స్కానర్ చూపిస్తది. మా బండిల ఆ లెక్క సరిగ్గ డెలివరీ ముందురోజు కాడికి పోయి ఆగింది, అంటే ఆనాడే కోడ్లు చెరిపిన్రు. అడిగితే "బ్యాటరీ మార్చినం, అందుకే" అన్నడు. బ్యాటరీ తీసినా కొన్ని బండ్లల్ల ఆ లెక్క సున్నా అయితది, నిజమే. కానీ బండిల ఉన్నది పాత బ్యాటరీనే!

అందుకే కొనేటప్పుడు మీ మెకానిక్‌ను, మీ స్కానర్‌ను తీసుకపోండి. కోడ్లు చెరిపినంక తిరిగిన దూరం తక్కువుంటే, రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే చెకింగులు, కోడ్లు చెరిపితే మళ్లీ మొదటి నుంచి అయితయి) ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే, అడ్వాన్స్ ఇయ్యకండి. బండి హైవే ఎక్కించి, బాగ వేడెక్కినంక మళ్లీ స్కాన్ చెయ్యండి. డీలర్ స్కానర్ పెట్టనియ్యకపోతే అక్కడికే లేచి రండి.

మేం స్కాన్ రిపోర్టు ఫొటోలు, డెలివరీ రసీదు పెట్టుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినం. గేర్‌బాక్స్ మారుస్తా అన్న మెకానిక్ మాత్రం ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేడు.