సిథియన్లను తెలుసుకోవాలంటే: హెరొడోటస్ రాతలా, సమాధుల తవ్వకాలా?

నల్లసముద్రం దగ్గరి స్టెప్పీ గడ్డి మైదానాల్లో తిరిగిన ప్రాచీన సంచారులు సిథియన్లు తమ చరిత్ర రాసుకోలేదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసినదాంట్లో రాజుల పేర్లు, అంత్యక్రియలు, ఆచారాలు ఉన్నాయి. కానీ అది గ్రీకువాడి చూపు.

తవ్వకాల దారి వేరు. సైబీరియాలో ఆల్టాయ్ పర్వతాల్లోని పజిరిక్ సమాధుల్లోకి నీరు చేరి గడ్డకట్టడంతో పచ్చబొట్లున్న చర్మం, ఉన్ని తివాచీ, గుర్రాల జీనులు కూడా మిగిలాయి. ఎంత అదృష్టం! ఈ పజిరిక్ వాళ్లు నల్లసముద్రం దగ్గరి సిథియన్లు కారు, అలాంటి జీవితమే గడిపిన తూర్పు సంచారులు. అయినా రాళ్లు నింపిన పాత్రలు, గంజాయి గింజలు అక్కడ దొరికాయి. సిథియన్లు కాల్చిన రాళ్లపై గంజాయి గింజలు వేసి ఆవిరి పట్టేవాళ్లని హెరొడోటస్ రాశాడు; అది కట్టుకథ కాదని నమ్మకం కుదిరింది.

నా ఓటు తవ్వకాలకే. కాకపోతే పెద్ద సమాధులన్నీ హోదా ఉన్నవాళ్లవే. పాలు చిలికిన బానిసల గురించి రెండు ముక్కలైనా రాసింది హెరొడోటసే.