పదకొండేళ్ల కార్బమజెపైన్: మానేద్దామని మొదలెట్టి సగంలో ఆగాను

జ్వరం మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది, పనిచేసిందని తెలుస్తుంది. ఫిట్స్ మాత్ర పనిచేస్తే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం మందు చలవా, లేక జబ్బే పోయిందా? పదేళ్లు వాడాక, అందులో ఎనిమిదేళ్లు ఒక్క ఫిట్ కూడా రాకుండా గడిచాక, డాక్టరు గారిని నేను అడిగింది ఇదే.

నాది మెదడులో ఒక పక్క మొదలయ్యే రకం. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు ఉండేది. ఆ తర్వాత సంగతి పక్కనున్నవాళ్లు చెప్పాల్సిందే. రెండుసార్లు ఒళ్లంతా కొట్టుకుంది కూడా. కార్బమజెపైన్ అనే ఫిట్స్ మాత్ర పొద్దున 400, రాత్రి 400 మిల్లీగ్రాములకు చేరాక ఆగిపోయాయి. రెండో ఏడాది చివర్లో ఒక ప్రయాణంలో మాత్రలు మర్చిపోయి రెండు రోజులు వేసుకోలేదు. మూడో రోజు వచ్చిందే ఆఖరుది.

కాబట్టి మందు పనిచేస్తుంది. కానీ ఊరికే పనిచేయదు. మొదటి నెలల్లో మత్తు, తల తిరగడం. ఇంకొకటి చెబితే చాలామంది నవ్వుతారు: బాగా తెలిసిన పాటలు కూడా అర మెట్టు కింది శ్రుతిలో వినిపించేవి. కీబోర్డు పాడైందనుకున్నాను. ఈ మందుతో అరుదుగా అలా అవుతుందని తర్వాత తెలిసింది. పాట సంగతి సర్దుకుంది, మాటల సంగతి సర్దుకోలేదు. నోటి చివర ఉన్న పదం కోసం వెతుక్కోవడం అలవాటైపోయింది. రక్తంలో సోడియం ఒకసారి 129కి పడిపోయింది.

అన్నిటికంటే భయపెట్టింది వేరే మందుతో కలిసినప్పుడు. గొంతు నొప్పికి ఒక డాక్టరు క్లారిత్రోమైసిన్ రాశారు. నేను ఏం వాడుతున్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో రోజుకి ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపించాడు, గోడ పట్టుకుని నడిచాను. ఆ యాంటీబయాటిక్ కార్బమజెపైన్‌ని ఒంట్లోంచి పోనివ్వకుండా పేరుస్తుంది. అప్పటినుంచి పర్సులో మందు పేరు రాసిన చీటీ ఉంటోంది.

మానేయడం గురించి అడిగితే డాక్టరు గారు అవునని గానీ కాదని గానీ అనలేదు. 1991లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చెప్పారు. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేని 1013 మందిని రెండు గుంపులు చేసి చూశారట. రెండేళ్ల తర్వాత మందు కొనసాగించినవాళ్లలో నూటికి 78 మంది, మెల్లగా మానినవాళ్లలో 59 మంది ఫిట్స్ లేకుండా ఉన్నారు. నేను 59 చూశాను. మా ఆవిడ మిగిలిన 41 చూసింది. మందు వేసుకుంటున్నా 22 మందికి వచ్చాయి కదా అని నేను, రెండు రోజులు మర్చిపోతేనే నీకు వచ్చింది కదా అని తను. ఉన్నట్టుండి ఆపడం వేరు, నెలల తరబడి దింపడం వేరు, ఆ రెండు రోజుల్ని లెక్కలోకి తీసుకోవద్దన్నారు డాక్టరు గారు. నా ఎమ్మారై, మెదడులో విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష రెండూ బాగున్నాయి, అది నాకు కలిసొచ్చింది. ఒక పక్క మొదలయ్యే రకం కావడం కలిసిరాలేదు. ఇలాంటి రిపోర్టులే ఉన్నా, చిన్న వయసులో పొద్దున్నే చేతులు అదిరే మయోక్లోనిక్ రకమైతే మానడానికి తాను అంత తేలిగ్గా ఒప్పుకోనన్నారు.

సరే, మొదలెట్టాం. రెండు నెలలకోసారి 100 చొప్పున తగ్గింపు. ఆ కాలమంతా, ఆ తర్వాత ఆరు నెలలూ డ్రైవింగ్ వద్దన్నారు. ఇది సొంత వైద్యంగా చేసే పని కాదు. ఒక్కసారిగా ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అయిదు నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ.

600కి వచ్చేసరికి పొద్దున తల తేలికైంది. 400కి వచ్చేసరికి సోడియం 138, అంటే మామూలుకి వచ్చింది. మాటలు తిరిగొస్తున్నాయి, ఫోనులో ఎవరి పేరూ మర్చిపోకుండా పలికాను. కానీ దాంతోపాటే టెన్షన్ మొదలైంది. నిద్రపట్టే వేళ కాలు ఒక్కసారి ఉలిక్కిపడితే, అందరికీ ఉండేదే, ఇద్దరం లేచి కూర్చునేవాళ్లం. ఒక పొద్దున కడుపులో ఆ పాత కదలిక లాంటిదే వచ్చింది. పది సెకన్లు. గ్యాసో, అదో ఇప్పటికీ తెలియదు. మళ్లీ ఈఈజీ తీశారు, ఏమీ లేదు. ఇంకా దింపుకోవచ్చు, ఇక్కడే ఉండొచ్చు, మీ ఇష్టం అన్నారు.

400 దగ్గర ఆగిపోయాను. ఇందులో సగం పిరికితనమేనని నాకు తెలుసు. ఈ డోసు నన్ను కాపాడుతోందో, నా మనసుకి ధైర్యం మాత్రమే ఇస్తోందో చెప్పే పరీక్ష లేదు. మార్కులంటారా, మాత్రకు అయిదుకి నాలుగు, ఆ ఒకటీ సోడియం తినేసింది. నా నిర్ణయానికి ఎన్ని వేసుకోవాలో తెలియడం లేదు. ఆరు నెలలు గడిచాయి, బండి నడుపుతున్నాను. బాత్రూములో గడియ మాత్రం పదకొండేళ్లుగా పెట్టుకోవడం లేదు, ఇప్పుడూ అంతే. మొన్న మా ఆవిడే, 300కి దిగి చూద్దామా అంది. నేనింకా జవాబు చెప్పలేదు.