పందుల షెడ్డులో ఊక పరుపు: నాలుగేళ్లు వాడాక

వరంగల్ జిల్లా వర్ధన్నపేట దగ్గర మాది చిన్న సీమ పందుల ఫారం. లార్జ్ వైట్ యార్క్‌షైర్ రకం. షెడ్డులో ఊక పరుపు వేసి నాలుగేళ్లు దాటింది. వాసన తగ్గుతుందా అని చాలామంది అడుగుతున్నారు. తగ్గుతుంది, బాగా తగ్గుతుంది. కాకపోతే పరుపును రోజూ చూసుకునే మనిషి ఉండాలి. ఆ మనిషి లేని ఫారంలో ఊక వేయడం డబ్బు దండగ.

అంతకుముందు అందరిలాగే పైపుతో కడిగేవాళ్లం. పెంట, మూత్రం, నీళ్లు అన్నీ కలిసి వెనక గుంతలోకి పోయేవి. కంపు నేల మీద మొదలై గుంతలో ముదిరేది. మూత్రంలో యూరియా ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పెంటలో ఉంటుంది. రెండూ కలిస్తే గంటల్లోనే అమ్మోనియా లేస్తుంది. షెడ్డులోకి పోగానే కళ్లు మండేది దీనివల్లే. గుంత అడుగున గాలి ఆడని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన. ఇది ప్రాణాలు తీసే గ్యాస్. గుంతను కలియబెడితే ఒక్కసారిగా పైకి వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు. గుంత ఉన్నవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: లోపల ఒకరు పడిపోతే కాపాడదామని ఇంకొకరు దిగొద్దు.

చలికాలం రాత్రుళ్లు మరీ కష్టంగా ఉండేది. గాలి కదలదు, చల్లగాలి నేలకు అంటుకుని ఉంటుంది, కంపు అలాగే ఊరి దాకా పాకేది. ఊళ్లో పెళ్లి ఉందంటే మాకు టెన్షన్. వాసన పోగొడుతుందని ఒక కంపెనీ అమ్మిన మందు గుంతలో పోశాం. కొన్నాళ్లు ఏదో పూల వాసన వచ్చి, తర్వాత మళ్లీ అదే కంపు.

ఇప్పుడు ప్రతి గదిలో ముందు సగం సిమెంటు నేల, అక్కడే మేత తొట్టి. వెనక సగం రెండు అడుగుల లోతు పరుపు. ఉత్త వరి ఊక అయితే తడి సరిగా పీల్చదు, తొందరగా మాగదు, అందుకే కలప కోత మిషన్ల దగ్గర దొరికే రంపపు పొట్టు కలుపుతాం. పంది పెంటలో నత్రజని ఎక్కువ, కార్బన్ తక్కువ. ఊకా పొట్టూ ఆ కార్బన్ ఇస్తే సూక్ష్మజీవులు నత్రజనిని పట్టి ఉంచుతాయి, గాలిలోకి పోయే అమ్మోనియా తగ్గుతుంది.

పని ఎక్కడుందో చెప్తాను. పంది పడుకునే చోట పెంట వేయదు, తడిగా, చల్లగా ఉన్న మూల చూసుకుంటుంది. ఒకసారి మూల ఎంచుకుందంటే గదిలో ఉన్నవన్నీ అక్కడికే పోతాయి. ఆ మూల నుంచి పెంటను పారతో తీసి పొడి వైపు పరవాలి, పైన కొత్త పొట్టు చల్లాలి, పరుపును తిరగేయాలి. గుప్పెడు తీసి పిండితే చెయ్యి తేమ కావాలి, నీళ్లు కారకూడదు. మోచేతి దాకా చెయ్యి పెడితే లోపల వేడిగా తగలాలి. వేడి లేక నల్లగా, జిగటగా ఉంటే అక్కడ గాలి ఆడట్లేదని అర్థం, కంపు మొదలయ్యేది అక్కడి నుంచే. పందులు నీళ్లు తాగే నిపుల్ చుక్కచుక్కగా కారినా ఆ పక్కనున్న పరుపంతా పాడవుతుంది. పందులను ఇరికించినా ఇదే గతి, పెద్ద పందికి ఒకటిన్నర చదరపు మీటర్లు తప్పనిసరి.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెల ఎండలకు పరుపు వేడి తోడైతే పందులు తట్టుకోలేవు, వాటికి చెమట పట్టదు. సగం సిమెంటు నేల ఉంచింది అందుకే. ఎండాకాలం పందులన్నీ దాని మీదే పడుకుంటాయి, తిరగేస్తే పరుపు ఇంకా వేడెక్కుతుంది కాబట్టి అప్పుడు ఎక్కువ తిరగేయం. నులిపురుగుల గుడ్లు పరుపులో నెలల తరబడి బతుకుతాయి కాబట్టి నట్టల మందు వాయిదా వేయొద్దు. ఇంకొకటి, వాసన లేదంటే గాలికి నష్టమే లేదనుకోవద్దు. పరుపు నుంచి నైట్రస్ ఆక్సైడ్ కొంత ఎక్కువగానే వస్తుంది. మన ముక్కుకు తెలియదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలమైనది.

పరుపుతో పాటు మేత కూడా మార్చాం. హోటళ్ల మిగుళ్లు మానేసి మొక్కజొన్న, తవుడు, సోయా చెక్క పెడుతున్నాం. పశువుల డాక్టరు సలహాతో ప్రోటీన్ ఎక్కువుండే సోయా కొంత తగ్గించి, లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపాం. మేతలో ప్రోటీన్ ఒక శాతం పాయింటు తగ్గితే అమ్మోనియా దాదాపు పది శాతం తగ్గుతుంది. ఎదుగుదలలో మాకు తేడా కనిపించలేదు.

తీసిన పరుపును కుప్పపోసి, తిరగేస్తూ కొన్ని నెలలు మాగనిస్తాం. పచ్చిగా చల్లితే ఊక భూమిలోని నత్రజనిని లాగేస్తుంది. మాగిన ఎరువును వానలకు ముందే మిర్చి, పత్తి రైతులు ట్రాక్టర్లతో వచ్చి తీసుకుపోతున్నారు.

ఖర్చు మాటకొస్తే ఊకే పెద్ద ఖర్చు. ఇటుక బట్టీలూ బాయిలర్లూ మనతో పోటీకి వస్తాయి. వానాకాలం వడ్లు మిల్లులకు చేరి, పట్టడం జోరుగా సాగేటప్పుడే మాట్లాడుకుని తెచ్చిపెట్టుకోండి. నిల్వకు పైకప్పు ఉన్న జాగ లేకపోతే ముందు అది కట్టుకున్నాకే పరుపు సంగతి చూడండి, తడిసిన ఊక ఎందుకూ పనికిరాదు.