స్టెబిలైజరా, లైన్ ఫిల్టరా?
గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో పాత వీసీఆర్‌లో అక్క పెళ్లి క్యాసెట్ వేసుకుని చూస్తున్నాం. సరిగ్గా తాళి కట్టే చోట అమ్మ గోంగూర పచ్చడికి మిక్సీ వేసింది. తెర నిండా తెల్ల చుక్కలు, స్పీకర్లో బుర్రుమని మోత.

ఇలాంటప్పుడు అందరూ ముందు చెప్పేది స్టెబిలైజర్. దాని పని వేరు. వేసవిలో వోల్టేజి 180కి పడిపోతే, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు (చుట్టలోంచి వేర్వేరు చోట్ల తీసిన కొసలు) మార్చి 230 దగ్గరికి తెస్తుంది. మిక్సీ మోటారు బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వల నాయిస్‌ని మాత్రం పెద్దగా ఆపదు. పైగా ట్యాపులు మార్చే స్విచ్చు, అంటే రిలే, టక్కుమన్నప్పుడు తెర మీద తన వంతు గీత ఒకటి గీస్తుంది!

లైన్ ఫిల్టర్‌లో కాయిళ్లు, కెపాసిటర్లు ఉంటాయి. 50 హెర్ట్జ్ కరెంటును పోనిచ్చి, చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వచ్చే రొదను అడ్డుకుంటుంది. టీవీ దగ్గర కంటే మిక్సీ దగ్గర పెడితేనే మేలు. కాకపోతే ఎర్తింగ్ బాగుండాలి. 750 వాట్ల మిక్సీకి కనీసం 5 ఆంపియర్లది తీసుకోండి. నా ఓటు దీనికే.

తెర మీద వెడల్పాటి పట్టీ మెల్లగా పైకి పాకుతుంటే మాత్రం రెండూ దండగే. కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. పట్టీ పోతే అది కేబుల్ ఎర్తుకీ ఇంటి ఎర్తుకీ ఉన్న తేడా, కేబుల్‌కి ఐసొలేటర్ (ఆ రెండు ఎర్తులనీ విడదీసే చిన్న పరికరం) పెట్టాలి. అంతేగానీ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి, షాక్ కొడుతుంది.