తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఆల్టో ముక్కాలి పీట

ఫిన్లాండ్‌లోని ఎస్పోలో అద్దింట్లో దిగిన కొత్తలో పాత సామాన్ల సంతలో దీన్ని కొన్నాను. ఇక్కడి ఆర్కిటెక్టు ఆల్వర్ ఆల్టో 1933లో రూపొందించిన ‘స్టూల్ 60’. అప్పటికే ఎవరో బాగా వాడేశారు, బర్చ్ కర్ర తేనె రంగుకు తిరిగింది. కొత్తదాని ధర విన్న అమ్మ, "ముక్కాలి పీటకా!" అని ఫోన్లోనే నోరెళ్లబెట్టింది.

ఎత్తు 44 సెంటీమీటర్లు, అంటే కుర్చీ ఎత్తే. చుట్టాలొస్తే భోజనాల బల్ల దగ్గరకు లాగుతాం. మిగతా రోజుల్లో మంచం పక్కన నీళ్ల గ్లాసు పెట్టుకోవడానికి.

దీని గొప్పంతా కాళ్లలోనే ఉంది. రెండేళ్ల కిందట ఒక కాలు కదులుతుంటే బోర్లించి మరలు విప్పాను. కాలును పలకలోకి దూర్చలేదు. కాలే పైన మడిచిన మోచేయిలా వంగింది, ఆ వంపు మీద పలక కూర్చుంది. వంపును పక్కనుంచి చూస్తే సన్నటి గీతలు. కర్ర చివరను నిలువునా రంపంతో చీల్చి, ఆ సందుల్లో పల్చటి చెక్క పొరలు జిగురుతో దూర్చి, అప్పుడు వంచుతారట. జిగురు ఆరాక ఆ వంపు ఇక విప్పుకోదు. ఇక్కడి తుర్కు ఊళ్లో ఫర్నిచర్ చేసే ఒట్టో కోర్హోనెన్‌తో కలిసి ఏళ్లపాటు కుస్తీ పడితే గానీ ఇది కుదరలేదు. అప్పట్లో ఉక్కు గొట్టాల కుర్చీల మోజు నడుస్తోంది. ఆల్టోకేమో ఒంటికి చల్లగా తగిలే ఉక్కు నచ్చలేదు. జనవరిలో ఇక్కడ బాల్కనీ కమ్మీని ఉత్త చేత్తో పట్టుకున్నవాళ్లెవరూ ఆయనతో వాదించరు.

ఆయన కట్టిన వీపురి లైబ్రరీలో ఈ పీటలే వేశారు. ఆ ఊరిప్పుడు రష్యాలో ఉంది. అమ్మకాలకు 1935లో ఆయన, భార్య ఐనో, మరో ఇద్దరు కలిసి ఆర్టెక్ అనే కంపెనీ పెట్టారు. పీట ఇంకా తయారవుతూనే ఉంది.

మూడు కాళ్లు కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. కానీ పైకెక్కకండి. బల్బు మార్చబోయి రెండు కాళ్ల మధ్య అంచున అడుగేశాను. పీట లేచింది, నేను పడ్డాను. తప్పు నాదే. పిల్లలున్న ఇంటికి నాలుగు కాళ్ల ‘ఈ60’ నయం.

కిందటేడు అమ్మ వచ్చినప్పుడు దీని మీద ఆవకాయ గిన్నె పెట్టింది. అడుగున నూనె ఉందని ఎవరం చూసుకోలేదు. ఎర్రటి వలయం పడింది. గరుకు కాగితంతో రుద్దితే పైపూత లేచొస్తుంటే ఆపేశాను. ఇప్పుడు వలయమూ ఉంది, పక్కన తెల్లమచ్చా ఉంది.