భిన్నాల వృత్తాల సెట్టు: చాలాకాలం వాడాక తెలిసినవి

మా అమ్మాయి కోసం కొన్న భిన్నాల వృత్తాల సెట్టును ఇప్పుడు వాళ్ల తమ్ముడు వాడుతున్నాడు. ఒకే కొలత ఉన్న తొమ్మిది వృత్తాలు, మొత్తం 51 ముక్కలు. ఒకటి నిండు వృత్తం. మిగిలినవి 2, 3, 4, 5, 6, 8, 10, 12 సమాన భాగాలుగా కోసినవి, ఒక్కోటి ఒక్కో రంగు. మొదటి అడుగుకు ఇంతకన్నా మంచి సాధనం నాకు కనిపించలేదు. అయితే దీనితోనే ఆగిపోతే మాత్రం చిక్కే.

దీని బలమంతా ముక్క మీద ముక్క పేర్చడంలో ఉంది. సగం ముక్కను ముందు పెట్టి, "దీన్ని వేరే రంగు ముక్కలతో సరిగ్గా కప్పగలవా?" అని అడిగి ఊరుకోండి. రెండు నాలుగో వంతులు సరిపోతాయి. మూడు ఆరో వంతులు, నాలుగు ఎనిమిదో వంతులు కూడా సరిపోతాయి. మూడో వంతులతో, ఐదో వంతులతో ఎంత ప్రయత్నించినా కుదరదు. ఎందుకు కుదరడం లేదని పిల్లలు తమంతట తాము అడిగే ఆ క్షణం కోసమైనా ఈ సెట్టు కొనవచ్చు. సరిసంఖ్యల సంగతి అక్కడే మొదలవుతుంది. 4 కన్నా 8 పెద్దది కాబట్టి 1/4 కన్నా 1/8 పెద్దదనే పొరపాటు కూడా రెండు ముక్కలూ చేతిలో ఉంటే నిలవదు. కూడికలో పైవాటిని, కిందివాటిని విడివిడిగా కలిపేసి 1/2కూ 1/3కూ 2/5 అని చెబితే, ఆ ముక్కలే పేర్చి చూపించండి. 2/5 సగం కన్నా చిన్నది. సగానికి మరో ముక్క చేర్చాక మొత్తం తగ్గడం ఏమిటని పిల్లలకే అనుమానం వస్తుంది. పేర్చిన రెండు ముక్కల పక్కన మిగిలిన ఖాళీలో ఆరో వంతు అతికినట్టు కూర్చుంటుంది.

ఇక లోపాలు. రంగే పేరుగా స్థిరపడిపోతుంది; నాలుగో వంతు అనడానికి బదులు "ఆకుపచ్చది" అంటారు. పదో వంతుకూ పన్నెండో వంతుకూ తేడా చూపుకు సులభంగా అందదు. నాలుగో వంతులు నాలుగే ఉంటాయి కాబట్టి ఒక్క సెట్టుతో, నాలుగో వంతులనే పేర్చి 5/4 చేయలేం. భిన్నమంటే ఎప్పుడూ ఒకటి కన్నా తక్కువే అన్న నమ్మకం అలా నాటుకుంటుంది.

అందుకే పక్కన కాగితపు పట్టీలు ఉండాలి. 24 సెంటీమీటర్ల పొడవు తీసుకోండి. సగం 12, మూడో వంతు 8, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, పన్నెండో వంతు 2 సెంటీమీటర్లు, అన్నీ పూర్ణసంఖ్యలే. మూడో వంతును మడతపెట్టి తేవడం చిన్న చేతులకు కష్టం, స్కేలుతో గీత గీసి ఇవ్వండి. పట్టీలను వరుసగా పేర్చుకుంటూ పోతే 5/4 దానంతట అదే వస్తుంది, సంఖ్యారేఖకు దారి పడుతుంది.

1 నుంచి 10 సెంటీమీటర్ల వరకు పొడవుండే క్విజనేర్ కడ్డీలు దొరికితే ఇంకా మంచిది. 2 సెంటీమీటర్ల ఎర్ర కడ్డీ నాలుగింటి దానికి సగం, ఆరింటి దానికి మూడో వంతు, పదింటి దానికి ఐదో వంతు. మొత్తం మారితే భాగం పేరు మారుతుందన్నది వృత్తాలు చెప్పలేవు, ఈ కడ్డీలు చెబుతాయి.

సెట్టు కొనేటప్పుడు ఒకవైపు అంకెలు లేనిది చూడండి. లవం, హారం రాయడం తర్వాత. ముందు "మూడు నాలుగో వంతులు" అని నోటితో పలకడం బాగా అలవాటు కావాలి. పన్నెండో వంతు ముక్కలు చాలా చిన్నవి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఇంట్లో ఉంటే వాటిని వేరుగా దాచండి.